పిండిముద్దలో చింతగింజ

కొత్తగా ఏఎన్ఎం ఉద్యోగంలో చేరిన ఇద్దరమ్మాయిలు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. రొమ్ములో గడ్డలు ఏమైనా ఉన్నాయేమో ఆడవాళ్ళు తమకు తామే ఎట్లా చూసుకోవాలో, దాన్ని పల్లెల్లో ఎట్లా నేర్పాలో చెప్పమని అడిగారు. సంచిలోంచి ఒక చార్టు తీసి మంచం మీద పరిచారు. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. నిలువుటద్దం ముందు, నడుము పైన గుడ్డ లేకుండా, ఒక చెయ్యి తల వెనక పెట్టుకొని నవ్వుతూ నిలబడి ఉంది. చూడగానే నాకు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. నేను నర్సు ఉద్యోగంలో ఉన్నప్పుడు మాకిచ్చిన చార్టులోనూ ఇదే అద్దం, ఇదే నవ్వు. ఇన్నేళ్ళయినా ఆమెకు వయసు కూడా మీదపడలేదు.

ఆ పిల్లలకు టీ ఇచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళాక అసలు చెప్పాల్సింది చెప్పలేదని మనసు పీకింది. అందుకే ఇది రాస్తున్నాను. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, నా ఉద్యోగమంతా ఈ మూడు ఊళ్ళ చుట్టూనే తిరిగింది. కాన్పుల గురించీ టీకాల గురించీ నాకంటే బాగా రాసేవాళ్ళు ఉన్నారు. నేను ఈ ఒక్క పని గురించే రాస్తాను. ధైర్యం తెచ్చుకుందామని చదివేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు, నేనేమీ అనుకోను.

రొమ్ము పరీక్ష అని దండోరా వేయిస్తే

తొంభైల మొదట్లో నేను పెనుకొండలో ఉండేదాన్ని. చెన్నేకొత్తపల్లి వైపు ఒక ఊళ్ళో మొదటి మీటింగు పెట్టమన్నారు. ముందురోజు సాయంత్రం ఊళ్ళో దండోరా వేయించాము, రేపు పొద్దున బడికాడ రొమ్ము పరీక్ష, అందరూ రావాలని. మేము వెళ్ళేసరికి బడి వరండా నిండిపోయి ఉంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. దగ్గరికి పోయి చూస్తే అందులో సగం మంది మగవాళ్ళు. ఒకటే దగ్గు.

ముందు వరసలో ఒక పెద్దాయన అప్పటికే చొక్కా గుండీలు విప్పుకొని సిద్ధంగా కూర్చున్నాడు.

"ఏమప్పా, మీరెందుకు వచ్చినారు?" అన్నాను.

"నువ్వే గదమ్మా పిలిపిచ్చింది? పండగ నాటి నుంచి రొమ్ము పడిశెం. కఫం తెగడంలే. గాలి పీల్చమంటావా, ఇడ్సమంటావా?"

మనకు రొమ్ము అంటే ఛాతీ. జలుబు చేసినా రొమ్మే, టీబీ వచ్చినా రొమ్మే, మగవాడు విరుచుకొని నడిచినా రొమ్మే. చార్టు రాసినవాళ్ళకు ఈ సంగతి తెలియదు. మరి ఆడవాళ్ళు ఏమంటారు అని వెతికాను. ఏమీ అనరు. బిడ్డ ఏడిస్తే "పాలు తాపు" అంటారు, అంతే. వాళ్ళ నోట్లో ఆ అవయవానికి పేరు లేదు. చివరికి "బిడ్డకు పాలిచ్చే చోటు" అని చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడు ఒక అవ్వ నన్ను నిలబెట్టి అడిగింది.

"బిడ్డకు పాలు మాన్పిచ్చినాక దాంతో మనకేం పనుంటాది నర్సమ్మా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అవ్వ ఎగతాళికి అనలేదు. పేరు లేనిదాన్ని, పనయిపోయిందనుకున్నదాన్ని నెలనెలా చేత్తో తడిమి చూసుకోమని చెప్పడానికి మేము సంచులు తగిలించుకొని తిరిగేవాళ్ళం.

లంగా కట్టుకొని స్నానం

స్నానం చేసేటప్పుడు, సబ్బు రాసుకొని, వేళ్ళతో మెల్లగా చూసుకోవాలి అని చార్టులో రాసి ఉండేది. నేనూ అట్లాగే చెప్పుకుంటూ పోయాను. ఒకరోజు ఒక కోడలు పిల్ల మెల్లగా వచ్చి "తడిగుడ్డ మీద వేళ్ళు జారడంలే నర్సమ్మా, ఎట్ల చూసుకోవల్ల?" అంది. అప్పుడు నాకు తెలివొచ్చింది. పల్లెలో స్నానానికి ఉండేది నాలుగు బొంగులు పాతి గోనెపట్టలు చుట్టిన జాలాడి. పైన కప్పు లేదు, పక్కింటి మిద్దె మీద నుంచి చూస్తే లోపలంతా కనబడుతుంది. అందుకని ఆడవాళ్ళు లంగాను ఎద మీదికి లాగి ముడివేసుకొని నీళ్ళు పోసుకుంటారు, తడిలంగా మీదే పొడిలంగా వేసుకొని బయటికి వస్తారు. నేనూ చిన్నప్పుడు అట్లా స్నానం చేసినదాన్నే. పెళ్ళయి బిడ్డల తల్లులైన వాళ్ళు కూడా తమ ఒంటిని తాము పూర్తిగా చూసుకొని ఎరగరు. చార్టులో ఆమె నవ్వుతూనే ఉంది.

రెండో తంటా వేళ్ళతో వచ్చింది. చూపించమంటే నూటికి తొంభైమంది వంకాయలు బేరం చేసినట్టు బొటనవేలు, చూపుడువేలు కలిపి గిల్లి చూసుకునేవాళ్ళు. గిల్లితే అంతా గడ్డే. ఏ రొమ్మైనా లోపల కొంచెం గింజగింజలుగానే ఉంటుంది. భయపడి పరిగెత్తుకొచ్చేవాళ్ళు కొందరు, భయపడి ఇక ముట్టుకోవడమే మానేసినవాళ్ళు ఎక్కువమంది. మూడు వేళ్ళ మెత్తని భాగం ఆనించి, అదిమి, గుండ్రంగా తిప్పాలని ఎంత చెప్పినా చేతికి ఎక్కేది కాదు.

అప్పుడే నేను పిండిముద్ద పద్ధతి కనిపెట్టాను. చపాతీపిండి మెత్తగా కలిపి, పెద్ద ముద్ద చేసి, లోపల యాడో ఒక చింతగింజ దాచి, పైన పాత పంచెగుడ్డ కప్పేదాన్ని. గింజ యాడుందో కనుక్కోండి అనేదాన్ని. గిల్లితే దొరకదు, పిండి వేళ్ళకు అంటుకొని వస్తుంది. ఆనించి తిప్పితే వెంటనే తగులుతుంది. అది ఆటైపోయింది. అత్తాకోడళ్ళు పందెం వేసుకొని ఆడేవాళ్ళు. జిల్లా నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా వెతికి, దొరికితే చప్పట్లు కొట్టించుకున్నారు.

ఏ రోజు చూసుకోవాలి అన్నది ఇంకో పేచీ. ముట్టయిన వారం తర్వాత అంటుంది పుస్తకం. వారానికి ఎవరికి గుర్తుంటుంది? మా వైపు చాలా ఇళ్ళలో ముట్టయితే మూడురోజులు బయట కూర్చొని నాలుగోరోజు తలకు పోసుకుంటారు. ఆ ఒక్కరోజే ఆమెకు కాగు నిండా వేడినీళ్ళు, కొంచెం తీరిక. "తలకు పోసుకున్న నాడు, లంగా ముడి వదులు చేసుకొని, లోపల చెయ్యి పెట్టి చూసుకోండి" అని చెప్పాను. పై అధికారి ఒకామె పుస్తకంలో ఉన్నట్టు చెప్పమని నన్ను కోప్పడింది. నేను వినలేదు. అందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు.

ఆదిలక్ష్మి

తొంభైల చివర ధర్మవరం వేశారు. అక్కడ ఆడవాళ్ళు నా పిండిముద్దను చూసి నవ్వారు. పట్టుదారంతో పుట్టి పెరిగిన వేళ్ళు వాళ్ళవి. నేను గుడ్డ కప్పేలోపల గింజ తీసి చేతిలో పెట్టేవాళ్ళు.

వాళ్ళలో ఆదిలక్ష్మి ఒకతె. భర్త ఇంట్లోనే మగ్గం నేసేవాడు. చీర దిగి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాతపోగు కొసకు కొత్తపోగు కొస మెలిపెట్టి ఒక్కొక్కటే అతకాలి, వేల పోగులు. ఆదిలక్ష్మికి అదే పని. కళ్ళు వాకిట్లో కూరగాయల బండి మీద ఉండేవి, నోరు తోడికోడలు సరోజతో సరసాలాడుతుండేది, వేళ్ళు మాత్రం పోగులు అతుకుతుండేవి. ముప్పై అయిదు దాటిన మనిషి. నల్లగా, సన్నగా ఉండేది, నోరు మాత్రం పెద్దది. నన్ను మొదటిరోజే నిలదీసింది.

"ఇంత సదువు సదివి చింతగింజ దాపెట్టే ఉద్యోగమా నర్సమ్మా నీది?"

ఆమే నాకు ఆ వీధిలో కుడిభుజమైంది. నేను పోలేని వారాల్లో తానే మీటింగు పెట్టేది. "గిల్లద్దు అక్కా, ఆనిచ్చు. ఆనిచ్చి తిప్పు. సంకకింద గూడా సూడల్ల, మరిసిపోవద్దు" అని ఆమె చెబుతుంటే నా గొంతే ఇంకొకరి నోటి నుంచి విన్నట్టుండేది. బత్తలపల్లి, తాడిమర్రి వైపు నుంచి వచ్చే చుట్టాలకు కూడా నేర్పి పంపేది. నేర్పిన ప్రతివాళ్ళనూ గుడ్డ కింద చెయ్యి పెట్టించి, సరిగ్గా చేసేదాకా వదిలేది కాదు. ఉద్యోగంలో అట్లాంటి మనిషి ఒకరు దొరికితే చాలనిపిస్తుంది. నాకూ అనిపించింది.

డాక్టరుగారు నవ్వినరోజు

ఒకరోజు ఆదిలక్ష్మి ఓపీ టైముకు మా ఆసుపత్రికి వచ్చింది. కుడివైపు ఏదో తగులుతోందని చెప్పింది. నేను చూశాను. రేగుగింజంత, కదులుతూ, మెత్తగా ఉంది. ముట్టు దగ్గరపడినప్పుడు అట్లా కావడం మామూలే. అయినా డాక్టరు చూడాలి కదా అని తీసుకెళ్ళాను.

ఆ డాక్టరుగారి గురించి చెడ్డగా రాయలేను. వేళకు వచ్చేవారు. కాన్పు కష్టమైతే ఇంటి నుంచి పరిగెత్తుకొచ్చేవారు. బయట జనం ఎంతమంది ఉన్నా చూడకుండా పంపేవారు కాదు. ఆ రోజూ ఓపీ కిటకిటలాడుతోంది. కర్టెను అంటే కర్టెనే కానీ సగం చిరిగి ఉంది. ఆయన చూసి, చేతులు తుడుచుకొని, గట్టిగా నవ్వారు.

"పిండి పిసికినట్టు పిసుక్కుంటే అన్నీ గడ్డలే కనిపిస్తాయమ్మా. మా సిస్టరు మీకు వంట మాన్పించి ఇదే పని పెట్టిందా ఏమి?"

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆదిలక్ష్మి తల దించుకొని రవిక హుక్కులు పెట్టుకుంటోంది.

"నొప్పి ఉందా?"

"లేదు సార్."

"నొప్పి లేకపోతే ఏం కాదు పో. నొప్పి వస్తే అప్పుడు రా."

"సార్, నొప్పి లేని గడ్డనే కదా మనం..." అని నేను అనబోయాను.

"సిస్టర్, తర్వాతి పేషెంటును పంపండి."

బయట పంపు దగ్గర ఆమెను ఆపి చెప్పాను. అసలు భయపడాల్సింది నొప్పి లేనిదానికే, నొప్పి లేకుండా గట్టిగా తగిలితే ఒక్కరోజు కూడా ఆగొద్దు అని. "అట్లనేలే నర్సమ్మా" అంది. కానీ డాక్టరు మాట ముందు నర్సమ్మ మాట ఎంత? పైగా ఇంకో సంగతి జరిగింది. ముట్టయి తలకు పోసుకున్నాక చూసుకుంటే ఆ గడ్డ లేదు. కరిగిపోయింది. డాక్టరు చెప్పిందే నిజమైంది. ఆయన ఆ రోజు తప్పు చెప్పలేదు, అదే పెద్ద చిక్కు. తప్పు చెప్పి ఉంటే నేను పోట్లాడేదాన్ని.

ఇక్కడ మన మాట కూడా మనకు ఎదురుతిరిగింది. గడ్డ అంటే మనవాళ్ళకు సెగ్గడ్డ. ఎర్రగా లేస్తుంది, సలుపుతుంది, పండుతుంది, పగిలి చీము పోతుంది. నొప్పి లేనిది గడ్డే కాదు, అది కంతి. వీపు మీదో మెడ మీదో కంతి పెట్టుకొని నూరేళ్ళు బతికిన తాతలు ప్రతి ఇంట్లో ఉన్నారు. మేము గడ్డ, గడ్డ అని చెప్పాము. వాళ్ళు నొప్పి కోసం వెతికారు. డాక్టరుగారి మాట దాని మీద ముద్ర వేసింది. కొన్నాళ్ళకు ఆ వీధిలోకి పోతే ఒక కొత్తకోడలికి ఆదిలక్ష్మి నేర్పుతోంది. అంతా సరిగ్గా చెప్పి, చివర్లో "నొప్పుంటేనే ఆసుపత్రికి పోవల్ల, లేకుంటే ఊరికే నగుతారు" అంది. అక్కడికక్కడే దిద్దాను. అందరూ తలలు ఊపారు. మీటింగుల్లో తల ఊపడాన్ని నమ్మి చెడిపోయినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

అద్దం ఉన్న ఇల్లు

రెండువేల సంవత్సరం దాటాక నన్ను హిందూపురం మార్చారు. అక్కడ బజారులో అంగళ్ళున్నవాళ్ళ ఇళ్ళకు కూడా పోయేదాన్ని. ఒక ఇంట్లో చార్టులో ఉన్నదంతా ఉంది. గడియ ఉన్న స్నానాలగది ఉంది, గీజరు ఉంది, తలుపు వెనక నిలువుటద్దం కూడా ఉంది. ఆ ఇల్లాలి అక్క ఈ జబ్బుతోనే పోయిందని తెలిసి పనిగట్టుకొని వెళ్ళాను. ఆమె నాకు కాఫీ ఇచ్చి, నేను చెప్పేదంతా విని, రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ కన్నడంలో వద్దు వద్దంది.

"బేడ, బేడ. ఆ మాటే ఎత్తొద్దు మేడం. సూసుకుంటే కదా ఉందని తెలిసేది?"

చదువుకున్న మనిషి. ధర్మవరంలో గోనెపట్టల చాటున చీకట్లో చెయ్యి పెట్టి వెతుక్కునే ఆడవాళ్ళు గుర్తొచ్చి మనసు చేదైపోయింది. మర్యాదకు కాఫీ మాత్రం పూర్తిగా తాగాను.

"ఇప్పుడు నొప్పి వచ్చింది"

అక్కడికి వెళ్ళిన రెండో ఏడు, ఒక పొద్దున ఆదిలక్ష్మి, సరోజ రైలు దిగి నన్ను వెతుక్కుంటూ వచ్చారు. దూరం నుంచి చూసి నేను సంబరపడ్డాను. దగ్గరికొచ్చాక చూస్తే ఆమె కుడిచెయ్యి కదలకుండా పొట్టకు ఆనించుకొని ఉంది. కొంగు ఆ వైపు నిండా కప్పుకొని ఉంది.

"ఇప్పుడు నొప్పి వచ్చింది నర్సమ్మా. అందుకే వచ్చినా" అంది.

గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. కొంగు తీశాక నేను ముట్టుకోవాల్సిన పని లేకపోయింది. చర్మం చీనీకాయ, అదే బత్తాయి, తొక్కలాగా గుంటలు గుంటలుగా ఉంది. ఒకచోట లోపలికి లాక్కుపోయింది. సంకలో గడ్డలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. అయినా వేళ్ళు ఆనించాను. రాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా ఇది?"

"నువ్వు ఈడికి వచ్చినాక, పోయిన ఏడు గంగమ్మ జాతర ముందర తగిల్య. అప్పుడు చింతగింజంత ఉండె. ప్రతినెలా తలకు పోసుకున్న నాడు సూసుకుంటానే ఉండా. ఒక్క నెల తప్పిచ్చల్యా. ఆ మీదట రేగ్గాయంత ఆయ. ఉగాదికి నిమ్మకాయంత ఆయ. కదలకుండా ఒకే తావున ఉండె. నువ్వు సెప్పినట్లే ఆనిచ్చి, తిప్పి, సంకకింద గూడా సూసుకుంటి. నొప్పి మాత్రం లేకుండె. డాక్టరుసారు సెప్పినాడు గదా, నొప్పి వస్తే రమ్మని. ఇప్పుడు సెయ్యి ఎత్తనీకుండా పెడ్తాండాది."

చదివేవాళ్ళు ఈ మాటలు ఇంకోసారి చదవండి. ఆమె అశ్రద్ధ చేయలేదు. సిగ్గుపడి ఊరుకోలేదు. మరచిపోలేదు. ఆ గింజ పుట్టిన నెల ఆమెకు తెలుసు, అది పెరిగిన ప్రతినెలా ఆమె వేళ్ళకు తెలుసు. నేను నేర్పిన విద్యతో తన చావు తన ఒంట్లో పెరుగుతుంటే కొలుచుకుంటూ, రమ్మన్నరోజు కోసం కాచుకొని కూర్చుంది. ఆ రోజు రాగానే రైలెక్కి వచ్చింది.

"నొప్పి లేకపోయినా రమ్మని పంపు దగ్గర నీకు చెప్పాను కదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

"సెప్పినావు. మళ్ళా నగుతారేమోనని" అంది. కొంగు మళ్ళీ కప్పుకుంటూ, "ఆ పొద్దు అందరూ నగినారు గదా" అంది.

సరోజ మాకు వీపు తిప్పి, తలుపు గడియ పట్టుకొని నిలబడింది.

బెంగళూరు పెద్దాసుపత్రికి నేనే వెంటబెట్టుకొని పోయాను. అక్కడి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఎముకల్లోకి పాకిందని చెప్పింది. చదువు లేనివాళ్ళు ఇట్లాగే ముదరబెట్టుకొని వస్తారని విసుక్కుంది. ఈమె నెలనెలా చూసుకుందని చెబుదామనుకొని నోరు మూసుకున్నాను. చెప్పినా నమ్మదు. నమ్మితే, తెలిసి కూడా రాలేదని ఆదిలక్ష్మిని ఇంకా అసహ్యించుకుంటుంది.

ఆ తర్వాత పెనుకొండలో ఒక మీటింగులో పాత డాక్టరుగారు కలిశారు. భోజనాల దగ్గర ఆదిలక్ష్మి సంగతి చెప్పాను. ఆయనకు ఆమె గుర్తే లేదు. అదేమీ తప్పు కాదు, రోజుకు అంతమందిని చూసే మనిషి. నేను ఆ రోజు జరిగింది మొత్తం గుర్తుచేసి చెబితే తినడం ఆపి విన్నారు.

"అప్పుడు ఏమీ లేదు కదమ్మా. ఉన్న మాటే కదా చెప్పాను?" అన్నారు.

అవును సార్ అన్నాను.

సరిగ్గా చూసుకుందా లేదా

ఒక ఆదివారం ధర్మవరం పోయాను. ముందుగదిలో ఆమె భర్త గుంతమగ్గంలో కూర్చొని నేస్తున్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఆదిలక్ష్మి లోపల చాప మీద గోడకానుకొని పడుకుంది. చెయ్యి వాచి దిండులాగా అయింది. వేళ్ళు కూడా వాచాయి, ఇక పోగులు అతికే వేళ్ళు కావవి.

చాలాసేపు ఊరి సంగతులు మాట్లాడింది. ఎవరి కోడలికి కాన్పయింది, ఎవరు మగ్గం అమ్ముకొని బెంగళూరు పోయారు, అన్నీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"నర్సమ్మా, నిజం సెప్పు. నేను సరిగ్గా సూసుకోల్యా? యాడన్నా తప్పు సేసినానా?"

నేను ఉద్యోగంలో చాలామందికి చాలా అబద్ధాలు చెప్పాను. బిడ్డ పోయిన తల్లికి చెప్పాను, బతకడని తెలిసిన ముసలాయనకు చెప్పాను. ఆమెకు మాత్రం అబద్ధం చెప్పాల్సిన పని రాలేదు.

"లేదమ్మా. నేను నేర్పినవాళ్ళలో నీ అంత బాగా ఎవరూ చూసుకోలేదు" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. తల తిప్పి సరోజను పిలిచింది.

"ఇన్యావా సరోజా? నర్సమ్మే సెప్తాండాది."

అది గర్వం. ఆ గర్వం చూసి నేను తట్టుకోలేకపోయాను. నీళ్ళు తాగే నెపంతో లేచి పెరట్లోకి పోయి గోనెపట్టల జాలాడి పక్కన నిలబడి ఏడ్చాను. వానలు పడకముందే ఆమె పోయింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలూ, ఆడవాళ్ళు ఈ పరీక్ష ఎంత బాగా చేసుకుంటారు అని పైవాళ్ళు మిమ్మల్ని కూడా అడుగుతారు. వేళ్ళు సరిగ్గా పెట్టారా, సంక చూశారా, అన్నీ గుర్తున్నాయా అని టిక్కులు పెట్టిస్తారు. పెట్టండి. ఆ లెక్కన ఆదిలక్ష్మికి నూటికి నూరు మార్కులు వస్తాయి. ఇప్పుడు కొందరు డాక్టర్లు ఈ నేర్పుడు వల్ల పెద్దగా లాభం లేదంటున్నారట. ఆ మాట విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. చూసుకున్నాక చూపించుకునే చోటు ఉండాలి, అక్కడ నవ్వకుండా చూసే మనిషి ఉండాలి. ఊరికే వచ్చిన పదిమందినీ పదిసార్లు మర్యాదగా చూసి పంపితేనే పదకొండో ఆమె వేళకు వస్తుంది. ఆ పని ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

ఆదిలక్ష్మి పోయిన కొన్నాళ్ళకు సెలవు పెట్టుకొని ఆ వీధికి మళ్ళీ వెళ్ళాను. ఈసారైనా సరిగ్గా చెప్పాలని పంతం. గడ్డ అన్న మాటే వాడలేదు. "నొప్పి లేని కంతి. గట్టిగా ఉండేది. కదలనిది. దానికే భయపడాల" అని గొంతు పోయేదాకా చెప్పాను. పిండి కలిపాను, గింజ దాచాను, గుడ్డ కప్పాను. పిలిస్తే సరోజ ముందుకొచ్చింది. వేళ్ళు ఆనించి ఒక్క తిప్పు తిప్పింది. దొరికింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"దొరికింది కదా. ఇప్పుడేం చేస్తావు సరోజా?" అన్నాను.

ఆమె చింతగింజను పైకి తీసి, అంటుకున్న పిండిని కొంగుతో తుడిచింది. నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"మా యక్కకు గూడా దొరికె గదా నర్సమ్మా. ఏమాయ?" అంది.

గింజను నా చేతిలో పెట్టి, మగ్గం పని ఉందని లోపలికి వెళ్ళిపోయింది.